మాన్యువల్ ఏసీని ఆటో ఏసీగా మార్చడం: అనంతపురం షెడ్డు డైరీ

1వ రోజు: ముందు ఏసీ ఆరోగ్యం

బండి పదేళ్ళు దాటిన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. బ్లోవర్‌కు నాలుగు స్పీడ్లు. వేడి-చల్లదనం నాబ్ నుంచి, డ్యాష్‌బోర్డ్ లోపల వేడిగాలిని చల్లగాలిని కలిపే డోర్ దాకా కేబుల్ ఉంది, లోపలి గాలి-బయటి గాలికి ఒక లివర్. సెట్ బటన్ మీద 24 పెడితే అనంతపురం ఎండలోనైనా, రాత్రి పూటైనా, నాలుగు సీట్లు నిండినా లోపల 24కు ఒక డిగ్రీ అటూ ఇటూలో నిలవాలి. ప్రాజెక్టు లక్ష్యం అంతే.

గేజీలు పెట్టి చూస్తే నీడలో 39 డిగ్రీలప్పుడు, 1500 ఆర్‌పీఎం దగ్గర, గ్యాస్ ఒత్తిడి లో సైడ్ 2.2 బార్, హై సైడ్ 16 బార్ వచ్చాయి. లోపలి గాలి మీద పెడితే నడిమి వెంట్‌లో 8 డిగ్రీలు. ఆర్134ఏ గ్యాస్‌కు ఈ ఎండలో ఇవి మంచి అంకెలే. గ్యాస్ తక్కువున్న బండికి ఆటో కంట్రోల్ పెట్టడం దండగ. కూలింగ్ చాలడం లేదని అది బ్లోవర్‌ను ఎప్పుడూ ఫుల్‌లోనే ఉంచుతుంది. చూసేవాళ్ళకు అది ఎలక్ట్రానిక్స్ తప్పులా కనిపిస్తుంది.

క్యాబిన్ ఫిల్టర్ తీస్తే ఎర్రమట్టి, చెనిక్కాయ పొట్టు కలిసి గట్టిగా అట్ట కట్టి ఉంది. కొత్తది వేశాం.

అసలు చిక్కు ఇంజిన్ దగ్గర బయటపడింది. హీటర్‌కు పోయే రెండు పైపులను ఎవరో ఒకదానికొకటి కలిపేసి, హీటర్ కోర్‌ను (ఇంజిన్ వేడినీళ్ళతో గాలిని కాచే చిన్న రేడియేటర్) పక్కన పెట్టేశారు. సీమలో ఇది మామూలే. "మనకు హీటర్ ఎందుకన్నా, తీసేస్తే కూలింగ్ పెరుగుతాది" అంటారు. లోపలి గాలి డోర్ సరిగా మూసుకోని బండిలో అది నిజమే, కారే వేడి పోతుంది కాబట్టి. కానీ ఆటో ఏసీ చల్లగాలిలో కొంచెం వేడిగాలి కలపడం ద్వారానే ఉష్ణోగ్రతను సరిచేస్తుంది. కలపడానికి వేడి లేకపోతే లెక్క మొత్తం తప్పుతుంది. 16 మిల్లీమీటర్ల కొత్త హోస్‌లు, కొత్త క్లిప్పులు వేసి కోర్‌ను తిరిగి కలిపాం. కూలెంట్ సగం, డిస్టిల్డ్ నీళ్ళు సగం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, నాబ్ పూర్తి వేడి మీద పెట్టి, రేడియేటర్ ఫ్యాన్ రెండు సార్లు తిరిగేదాకా నడిపితే లోపలి గాలి బుడగలు బయటికొచ్చాయి.

2వ రోజు: డోర్ తిప్పే మోటారు

కేబుల్ తీసి, ఆ స్థానంలో పాత సామాన్ల అంగడిలో దొరికిన ఐదు వైర్ల యాక్చువేటర్ (డోర్ తిప్పే చిన్న మోటారు పెట్టె) బిగించాం. రెండు వైర్లు మోటారుకు, మూడు, షాఫ్ట్ ఎంత తిరిగిందో చెప్పే లోపలి పొటెన్షియోమీటర్‌కు. ఏవి ఏవో తెలుసుకోవడం తేలిక. షాఫ్ట్‌ను నెమ్మదిగా తిప్పుతూ మల్టీమీటర్‌తో చూస్తే, తిప్పినా మారని నిరోధం రెండు కొసల మధ్యది, మారేది నడిమి వైరుది.

మోటారును నడపడానికి మొదట చేతికందిన టీబీ6612 బోర్డు పెట్టబోయి ఆగాం. దాని గరిష్ఠ మోటారు వోల్టేజీ 15. ఆల్టర్నేటర్ నడుస్తుంటే బండిలో 14.4 ఉంటుంది, ఏ చిన్న ఎగుడుకైనా బోర్డు పోతుంది. డీఆర్‌వీ8871 అయితే 45 వోల్టుల దాకా తట్టుకుంటుంది. అదే వాడాం.

డోర్ రెండు కొసలూ కంట్రోలర్‌కు (అన్నిటినీ నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు) నేర్పాలి. ఒక వైపు తిప్పుతూ పోయి, పొటెన్షియోమీటర్ అంకె 300 మిల్లీసెకన్లు కదలకపోతే అది కొస అనుకోవాలి. వెంటనే ఆపి రెండు శాతం వెనక్కి తేవాలి. కొసకు ఆనించి మోటారును తోస్తూనే ఉంటే ప్లాస్టిక్ గేరు పళ్ళు విరుగుతాయి. ఫ్యాక్టరీ ఆటో ఏసీ ఉన్న బండ్లలో స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డ్ వెనక టకటకమని వినిపించేది ఎక్కువగా ఈ పళ్ళు జారే చప్పుడే.

4వ రోజు: సెన్సర్లు, వాటి చోటు

ఈ ప్రాజెక్టులో ఎక్కువ గంటలు తిన్నది ఇదే, తినాల్సిందీ ఇదే. కోడ్ ఒక్క పూటలో రాయవచ్చు. వేడి కొలిచే థర్మిస్టర్ తప్పు చోట ఉంటే ఏ కోడూ కాపాడదు.

కారు లోపల, కూలింగ్ కాయిల్‌లో, బయట పెట్టే మూడు ఉష్ణోగ్రత సెన్సర్లూ ఒకే రకం. ఎన్‌టీసీ థర్మిస్టర్ (వేడెక్కితే నిరోధం తగ్గేది), 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓం, ఎంత చప్పున తగ్గుతుందో చెప్పే బీటా 3950. పైన 10 కిలో ఓం రెసిస్టర్ నుంచి 5 వోల్టులు, కింద గ్రౌండ్. సరిచూడటానికి ఐసు ముక్కలు కరుగుతున్న నీళ్ళ గ్లాసు చాలు. అందులో ఐదు నిమిషాలు ఉంచితే 33.6 కిలో ఓం దగ్గర చూపాలి. 40 డిగ్రీల నీళ్ళలో 5.3. కొన్న అయిదింటిలో ఒకటి ఐసులో 29 చూపింది. అంటే మూడు డిగ్రీల తప్పు. కూలింగ్ కాయిల్‌లో పెట్టి ఉంటే ఐసు కట్టేసేది. పారేశాం.

కారు లోపలి సెన్సర్‌ను మొదట స్టీరింగ్ పక్కన డ్యాష్‌బోర్డ్ మీద అంటించి చూశాం. డ్రైవర్ చెవి ఎత్తులో కట్టిన థర్మామీటర్ 26 చూపుతుంటే ఇది 33 అంది. డ్యాష్‌బోర్డ్ ఎండకు కాగి ఉంటుంది. కదలని గాలిలో ఉన్న థర్మిస్టర్ కొలిచేది గాలిని కాదు, ఆ ప్లాస్టిక్ వేడిని. దీన్ని మోకాలి ఎత్తులో చిన్న జాలీ వెనక్కి మార్చి, హీటర్ పెట్టె నుంచి మడతల గొట్టం ఒకటి తెచ్చి కలిపాం. బ్లోవర్ గాలి ఆ గొట్టం నోటి పక్కనుంచి వేగంగా పోతుంటే గొట్టంలో పీల్పు పుడుతుంది. క్యాబిన్ గాలి జాలీలోంచి సెన్సర్ మీదుగా లాగబడుతుంది. ఇప్పుడు 27 చూపింది. మిగిలిన ఒక డిగ్రీని కోడ్‌లో తీసేశాం.

ఫ్యాక్టరీ ఆటో ఏసీ ఉన్న బండ్లకూ పనికొచ్చే పరీక్ష ఒకటి. బ్లోవర్ నడిమి స్పీడ్‌లో పెట్టి, టిష్యూ పేపర్ ముక్క ఆ చిన్న జాలీ మీద ఆనించాలి. అది అంటుకుని నిలవాలి, పడిపోతే వెనక గొట్టం ఊడింది. మ్యూజిక్ సిస్టమ్ మార్చినప్పుడు డ్యాష్‌బోర్డ్ విప్పితే ఊడేది ఎక్కువసార్లు ఇదే. 24 పెట్టినా లోపల వణుకు పుడుతోందనే ఫిర్యాదుకు, గ్యాస్ జోలికి పోకముందే ఈ కాగితం ముక్క పెట్టి చూడటం మంచిది.

కూలింగ్ కాయిల్ సెన్సర్‌ను రేకుల మధ్య జొనపాలి, పొడవకూడదు. కాయిల్ గొట్టాలు పలుచని అల్యూమినియం. ఏసీ కాసేపు నడిపి, అన్నిటికంటే ముందు తెల్లగా మంచు పట్టే చోటు గుర్తించి అక్కడే పెట్టాం. 3 డిగ్రీలకు, కంప్రెసర్‌ను ఇంజిన్‌తో కలిపే క్లచ్ ఆఫ్, 5కు ఆన్. ఇంతకంటే కిందికి పోనిస్తే కాయిల్ మీది నీరు గడ్డ కట్టి గాలి దారి మూసుకుంటుంది. బ్లోవర్ మోగుతూ ఉంటుంది కానీ వెంట్‌లో గాలి రాదు.

క్లచ్ రిలేను బండి అసలు థర్మోస్టాట్, ప్రెజర్ స్విచ్‌లకు సిరీస్‌లో మాత్రమే కలిపాం. మన కంట్రోలర్ ఆపమని చెప్పగలదు, వాటిని దాటి నడపమని మాత్రం చెప్పలేదు. ఆపాక 20 సెకన్ల లోపు తిరిగి ఆన్ చేయకుండా కోడ్‌లో ఒక అడ్డు పెట్టాం.

6వ రోజు: బ్లోవర్

పాత నాలుగు స్పీడ్ల రెసిస్టర్ తీసి, దాని గూటిలోనే ఆటో ఏసీ బండి నుంచి తీసిన లీనియర్ పవర్ మాడ్యూల్ (మోటారు వోల్టేజీని మెట్లు లేకుండా మార్చేది) పెట్టాం. ఆ గూడు బ్లోవర్ గాలి పోయే దారిలో ఉంటుంది, ఊరికే అక్కడ పెట్టలేదు, ఆ గాలికే అది చల్లబడాలి. ఈ మోటారు 13 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లు లాగుతుంది. ఫుల్ స్పీడ్‌లో మాడ్యూల్ దాదాపు మూసిన స్విచ్ లాంటిది, వేడి తక్కువ. ఫ్యాన్ కరెంటు వోల్టేజీ వర్గంతో మారుతుందనుకుంటే, 8.7 వోల్టుల దగ్గర 8 ఆంపియర్లు. మిగిలిన 4.3 వోల్టులు మాడ్యూల్ మీద పడతాయి. సుమారు 35 వాట్లు, ఒక సోల్డరింగ్ ఐరన్ అంత వేడి. అన్ని స్పీడ్లలోకీ ఎక్కువ వేడి పుట్టేది ఇక్కడే. ఫిల్టర్ మూసుకుపోయిన బండ్లలో ఫుల్ స్పీడ్ పనిచేస్తూ నడిమి స్పీడ్లు చచ్చిపోవడం వెనక తరచుగా ఈ లెక్కే ఉంటుంది.

మాడ్యూల్ గేటుకు (స్పీడ్ ఎంతో చెప్పే పిన్ను) వోల్టేజీ ఇంత ఇస్తే ఇంత స్పీడ్ అనే నమ్మకం పెట్టుకోకూడదు. మొత్తం వేగం ఒక్క వోల్టు తేడాలోనే మారిపోతుంది, పైగా ఆ వోల్టు ఎక్కడ మొదలవుతుందో కూడా వేడితో మారుతుంది. అందుకే మోటారు వోల్టేజీని 33 కిలో, 10 కిలో ఓం రెసిస్టర్ల డివైడర్‌తో తగ్గించి, తిరిగి చదివి, కావలసినంత వచ్చేదాకా గేటును సర్దుతున్నాం.

కంట్రోలర్ ఆర్డుయినో నానో. దానికి 5 వోల్టులు ఎల్‌ఎం2596 బోర్డు నుంచి. ముందు 2 ఆంపియర్ల ఫ్యూజు, 24 వోల్టుల సర్జ్ డయోడ్. నానో మీదున్న రెగ్యులేటర్‌కు నేరుగా 14 వోల్టులు ఇస్తే మే నెల డ్యాష్‌బోర్డ్ వెనక ఎక్కువ కాలం బతకదు.

7వ రోజు: అసలు లెక్క

ఆటో ఏసీ లోపలి ఉష్ణోగ్రతను నేరుగా తిప్పదు. "వెంట్‌లోంచి వచ్చే గాలి ఎన్ని డిగ్రీలుండాలి" అనే ఒక్క అంకె లెక్కగడుతుంది. డోర్, బ్లోవర్, లోపలి-బయటి గాలి, అన్నీ ఆ అంకె వెనకే నడుస్తాయి. రూపం ఇది (అ, ఆ, ఇ మనం సర్దుకునే గుణకాలు):

వెంట్ అంకె = అ × సెట్ − ఆ × లోపల − ఇ × బయట − ఎండ భాగం − స్థిరాంకం

మొదట "అ"కు 7, "ఆ"కు 3, "ఇ"కి 0.65 వేసి, స్థిరాంకాన్ని 24 సెట్ దగ్గర సరిపోయేలా 58కి సర్దాం. 24 పెడితే లోపల 24 వచ్చింది. 26 పెడితే 27. 22 పెడితే 21. బటన్ మీద రెండు డిగ్రీలు మారిస్తే కారులో మూడు మారుతున్నాయి.

తప్పు ఎక్కడుందో బండే చెప్పింది. ఎండ పడని చోట, ఇద్దరు మనుషులతో, బ్లోవర్ ఒకే స్పీడ్‌లో ఉంచి రెండు కొలతలు తీశాం. మధ్యాహ్నం బయట 40: లోపల 24 నిలవడానికి వెంట్ 12 కావాల్సి వచ్చింది, అంటే 12 డిగ్రీల తేడా. రాత్రి 9 గంటలకు బయట 30: వెంట్ 18.5 చాలింది, తేడా 5.5. బయట 10 డిగ్రీలు మారితే వెంట్ 6.5 మారింది కాబట్టి "ఇ" 0.65. బయటికి, లోపలికి తేడా 16 ఉన్నప్పుడు 0.65 చొప్పున 10.4. కావాల్సిన 12లో మిగిలిన 1.6 మనుషుల ఒంటి వేడి, ఇంజిన్ వైపు నుంచి వచ్చే సెగ.

ఇందులోంచే "అ" కూడా వస్తుంది. లోపల సెట్‌కు సమానమైపోయాక, వెంట్ అంకె ఒక్కో సెట్ డిగ్రీకి 1.65 మాత్రమే మారాలి. ఒకటి లోపలి గాలి కోసం, 0.65 గోడల గుండా వచ్చే వేడి కోసం. అంటే "అ" లోంచి "ఆ" తీసేస్తే 1.65 రావాలి. "ఆ" 3 కాబట్టి "అ" 4.65. స్థిరాంకం 58 పోయి 1.6 అయింది. ఈసారి 22, 24, 26 మూడూ సరిగ్గా కూర్చున్నాయి.

"ఆ" మన ఇష్టం. లోపల ఒక డిగ్రీ తప్పితే వెంట్‌ను ఎన్ని డిగ్రీలు తిప్పాలో అది చెబుతుంది. 6 పెడితే లోపల మార్పు తెలిసేలోపే డోర్ అతిగా తిరిగి, ఉష్ణోగ్రత ఊగింది. 1.5 అయితే నాలుగో మనిషి ఎక్కాక చాలాసేపు ఉక్కగానే ఉంది. 3 దగ్గరే ఆగాం.

డోర్ ఎంత తెరవాలనేది మామూలు కలపడం లెక్క. వెంట్ అంకెలోంచి కాయిల్ వేడి తీసేసి, దాన్ని హీటర్-కాయిల్ తేడాతో భాగించాలి. కాయిల్ 4, హీటర్ గాలి 80 అనుకుంటే, వెంట్ 12కు డోర్ 10.5 శాతం. బయట కూడా 24 ఉన్న రోజుకు వెంట్ అంకె 22.4, డోర్ 24 శాతం. అనంతపురంలో సంవత్సరంలో ఎక్కువ భాగం డోర్ ఈ మొదటి పాతిక శాతంలోనే ఆడుతుంది. ఒక్క శాతం అంటే వెంట్‌లో 0.76 డిగ్రీ. పొటెన్షియోమీటర్ మొత్తం 4 వోల్టులు తిరిగితే ఒక శాతం 40 మిల్లీవోల్టులు, నానో అంకెల్లో ఎనిమిది. కదలకుండా వదిలే హద్దు ఆరు అంకెలు పెట్టాం. రెండు పెడితే మోటారు రోజంతా వణుకుతూనే ఉంది.

9వ రోజు: బ్లోవర్ ఊపిరి

బ్లోవర్ 15 సెకన్లకోసారి పెరిగి తగ్గుతోంది, నిద్రపోతున్న మనిషి ఊపిరిలాగ. "ఆ" తగ్గించినా పోలేదు. లాగ్ చూస్తే, బ్లోవర్ పెరిగిన క్షణంలోనే లోపలి ఉష్ణోగ్రత మూడు డిగ్రీలు పడిపోతోంది. గాలి అంత తొందరగా చల్లబడదు. ఒక్క క్షణంలో మారేది వోల్టేజీ మాత్రమే.

లోపలి సెన్సర్ గ్రౌండ్ వైరు బ్లోవర్ గ్రౌండ్ బోల్టుకే బిగించి ఉంది. ఆ బోల్టు కింద పెయింటు ఉంది. 18 ఆంపియర్లు పోతుంటే అక్కడ 0.36 వోల్టులు నిలుస్తున్నాయి, అంటే 20 మిల్లీ ఓం. డివైడర్ నడిమిలో అందులో సగం, 0.18, కలుస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఈ థర్మిస్టర్‌కు డిగ్రీకి 55 మిల్లీవోల్టులు. లెక్క సరిపోయింది: మూడు డిగ్రీల పైన దొంగ చల్లదనం. బ్లోవర్ పెరిగితే చల్లగా అయిందనుకుని తగ్గించడం, తగ్గితే వేడెక్కిందనుకుని పెంచడం.

సెన్సర్ల గ్రౌండ్లు మూడూ విడి వైరుతో నానో గ్రౌండ్ పిన్నుకే తెచ్చాం. బోల్టు కింద పెయింటు గీకి, స్టార్ వాషర్ వేసి బిగించాం. ఊపిరి ఆగింది.

11వ రోజు: బయటి సెన్సర్, ఎండ సెన్సర్

బయటి సెన్సర్‌ను కండెన్సర్ (బండి ముందు ఏసీ వేడిని వదిలే జాలీ) ముందు పెట్టాం. హైవే మీద బాగానే ఉంది. టవర్ క్లాక్ దగ్గర ట్రాఫిక్‌లో బండి నిలిస్తే 39 కాస్తా 47 అయింది. ఇంజిన్ వేడి ముందుకు తిరిగి కొడుతోంది. బంపర్ కింది మూలకు మార్చాం, కోడ్‌లో కూడా ఒక నియమం పెట్టాం. అంకె తగ్గితే వెంటనే నమ్మాలి. పెరిగితే బండి గంటకు 20 కిలోమీటర్లు దాటినప్పుడే, అదీ నెమ్మదిగా నమ్మాలి. వేగం కోసం స్పీడో సెన్సర్ వైరునే వాడుకున్నాం.

ఎండ సెన్సర్ బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్ (వెలుతురుకు కరెంటు ఇచ్చేది), 470 ఓం రెసిస్టర్‌తో, ముందు అద్దం కింద. అనంతపురం 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ ఆఖర్లో మధ్యాహ్నం 12 గంటల 17 నిమిషాల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు. ఆ వేళ మబ్బు లేనప్పుడు వచ్చే అంకెను గరిష్ఠం అనుకుని, అక్కడ వెంట్ 5.5 డిగ్రీలు తగ్గేలా సర్దాం. మరుసటి సాయంత్రమే తప్పు తెలిసింది. నెత్తి మీది ఎండను కారు పైకప్పు అడ్డుకుంటుంది. మనిషి మీద పడేది సాయంత్రం ఏటవాలు ఎండ. బళ్ళారి రోడ్డులో పడమటికి పోతుంటే ముఖం మీద మండుతుంది, బల్లపరుపుగా పెట్టిన సెన్సర్ మాత్రం ఎండ తగ్గిందంటోంది. సెన్సర్‌ను 30 డిగ్రీలు ముందుకు వంచాక రెండు వేళలూ దగ్గరయ్యాయి. రోడ్డు పక్క చింతచెట్ల నీడకల్లా బ్లోవర్ మారకుండా, ఈ అంకెను ఒక నిమిషం సగటుతో వాడుతున్నాం.

13వ రోజు: కంప్రెసర్‌కు విరామం

గాలిని 4 డిగ్రీలకు చల్లార్చి, మళ్ళీ హీటర్‌తో 18.5కు తేవడం పెట్రోల్‌కు నష్టం. రాత్రి పూట కాయిల్‌ను 4 దాకా దించనక్కర్లేదు. క్లచ్ ఆఫ్ అయ్యే హద్దును "వెంట్ అంకె కంటే 2 తక్కువ, కానీ 3కు 9కి మధ్య" అని మార్చాం. వెంట్ 18.5కు డోర్ 19 శాతం నుంచి 13కు తగ్గింది, క్లచ్ ఆన్‌లో ఉండే వాటా బాగా పడిపోయింది. హద్దు 12 దాకా పెంచి చూస్తే కాయిల్ మీద తడి ఆరీ ఆరక ముక్కిపోయిన వాసన మొదలైంది, అద్దాలకూ ఆవిరి పట్టింది. 9 దాటనివ్వం.

15వ రోజు: రోడ్డు మీద

ఎండలో మూడు గంటలు నిలిపిన బండి. లోపల 56, బయట 40. లోపలి గాలి బయటికంటే వేడిగా ఉన్నంతసేపు లోపలి గాలినే తిప్పడం వల్ల లాభం లేదు. అందుకే మొదటి నిమిషం బయటి గాలి, ఆ తర్వాతే లోపలి గాలి. ఆ నిమిషం అద్దాలు దించితే ఇంకా మేలు, అయితే ఆ పని కంట్రోలర్ చేయలేదు. కాయిల్ 15కు దిగేదాకా బ్లోవర్‌ను తక్కువలో ఉంచాం, గొట్టాల్లోని సెగ ముఖాన కొట్టకుండా.

బయల్దేరాక 6 నిమిషాలకు 31, 13 నిమిషాలకు 26. అక్కడి నుంచి 24కు మరో 9 నిమిషాలు. సీట్లు, డ్యాష్‌బోర్డ్ పట్టుకున్న వేడి వదలాలి కదా. గుత్తి దాకా పోయి వచ్చినంతసేపూ 23.4కు, 24.7కు మధ్యే ఉంది. ఇరవై నిమిషాలకోసారి ఒక నిమిషం బయటి గాలి తెరుచుకునేలా పెట్టాం. మూసిన కారులో నలుగురు కూర్చుంటే ఆవలింతలు మొదలవుతాయి.

మిగిలిన పనులు రెండు. ముఖానికా కాళ్ళకా అని గాలి దారి మార్చే డోర్ ఇంకా చేతి నాబ్ మీదే ఉంది, దానికి రెండో యాక్చువేటర్ వెతకాలి. హీటర్ గాలి 80 అని లెక్కలో స్థిరంగా వేశాం. చలికాలం పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అది తప్పు. కూలెంట్ సెన్సర్ వైరు మీద నాలుగో ఇన్‌పుట్ తీయాలి. డిసెంబర్‌లోపు చాలు.